వందనాలకే సరిపోయింది

పిస్గా చర్చిలో ఒజెల్లా రేనీ గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. పాటల వేళ పెదాలు కదిలేవి గాని శబ్దం పక్కమనిషికి చేరేది కాదు. ఆమె పని తలుపు దగ్గర. గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్న తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఎడమచెయ్యి వీపు వెనక మడిచి నిలబడేది. వచ్చినవాళ్ళకు కుడిచేత్తో చోటు చూపించేది. ఒక వేలు ఎత్తితే వరసలో ఒకరికి ఖాళీ ఉందని అర్థం. అరచెయ్యి చూపితే ప్రార్థన అయ్యేదాకా గుమ్మంలోనే ఆగమని. ఇరవై ఏళ్ళు అలా చేతులతోనే మాట్లాడింది.

ఆ తలుపు పనిలో ఒకటుంది, దాన్ని మిగతావాళ్ళెవరూ ఇష్టంగా చేసేవారు కాదు. సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటూ చెప్పుకుంటూ పోతే, వేదిక మీద నుంచి పాస్టరుగారు ఒజెల్లా వైపు చూసి కనుబొమ్మ ఎత్తేవారు. ఆమె వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడేది. ముట్టుకునేది కాదు, ఏమీ అనేది కాదు, ఊరికే నిలబడేది. ఎంత మాటకారి అయినా రెండు ముక్కల్లో ముగించి కూర్చునేవాడు. తాగుడు మాని కొత్తగా సంఘంలో చేరిన మనిషొకడు ఒకసారి ఏడుస్తూ చెబుతున్నాడు. కనుబొమ్మ లేచింది. ఒజెల్లా వెళ్ళి నిలబడింది. అతను ఏడుపు మధ్యలోనే కూర్చున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ మనిషి ఆమెకు అప్పుడప్పుడు గుర్తొచ్చేవాడు.

సాక్ష్యం ఎలా మొదలుపెట్టాలో పిస్గాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ముందు దేవునికి మహిమ. తర్వాత పాస్టరుగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలైన డీకన్లకు, ముందు వరసలో కూర్చునే పెద్ద తల్లులకు, వచ్చిన అతిథులకు పేరుపేరునా వందనాలు. ఆ తర్వాతే మన గోడు. ఎవర్నయినా దాటేస్తే అది మరిచిపోవడం అనిపించుకోదు, తొక్కుకుంటూ పోవడం అనిపించుకుంటుంది. ఒక బ్రదర్ డీకన్లను దాటేసినందుకు ఆయన కూతురి పెళ్ళికి డీకన్లలో సగంమంది రాలేదు. అందరూ అందర్నీ తలుచుకునేవారు గాని, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను మాత్రం ఎవరూ తలుచుకునేవారు కాదు. ఒజెల్లా ఆ మాట ఎన్నడూ బయట పెట్టలేదు. ప్రతివారం వినేది, అంతే.

ఆమె గొంతు విప్పాల్సి వచ్చింది కొడుకు కోసం.

థీరన్ ఆమెకు ఒక్కడే. పంతొమ్మిదో ఏట స్నేహితుల కారులో వెనక సీట్లో కూర్చుని ఉండగా, ముందు సీట్లవాళ్ళు దిగి ఒక దుకాణాన్ని దోచుకున్నారు. కారులో ఉన్నందుకు వాడికీ శిక్ష పడింది. ఊరి పోలీసు అధికారి షెరీఫ్ స్వయంగా వచ్చి ఇంటి మెట్ల మీద నుంచి తీసుకుపోయాడు. జైలంటే గోడలు కాదు, నది వంపులో కనుచూపు మేర చెరుకు పొలం. గుర్రాల మీద కాపలావాళ్ళు, కింద కత్తులు పట్టుకుని ఖైదీల వరసలు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఒజెల్లా బస్సెక్కి వెళ్ళి, వైరు జల్లెడకు ఇవతల కూర్చుని కొడుకును చూసి వచ్చేది.

ఆ ఏడు వసంతంలో వెళ్ళినప్పుడు థీరన్ చిక్కిపోయి ఉన్నాడు.

"అమ్మా, పర్నెల్ పోయాడు" అన్నాడు.

"నీ పక్క మంచం అబ్బాయా? పళ్ళ మధ్య సందున్నవాడు?"

"వాడే. చెరుకు కొడుతూ కొడుతూ సాలులో పడిపోయాడు. నేను కత్తి పడేసి వాణ్ణి లేపబోయాను. కత్తి కింద పెడితే పని ఎగ్గొట్టినట్టేనట. చీకటి కొట్లో పెట్టారు. మంచిగా ఉన్నానని తగ్గించిన శిక్షంతా మళ్ళీ కలిపేశారు. ఈ వేసవికి ఇంటికి రావలసినవాణ్ణి కదా. ఇంకో రెండేళ్ళు."

ఒజెల్లా వైరు పట్టుకుంది. కాపలావాడు చూశాడు. వదిలేసింది.

"కాపలావాళ్ళ కెప్టెన్ని అడిగానమ్మా, మనుషులతో ఇట్లా చేయించుకోవచ్చా అని. గుర్రం దిగకుండానే చెప్పాడు. 'మన రాష్ట్ర రాజ్యాంగం చదువుకో రేనీ. మొదటి అధ్యాయమే. హక్కుల ప్రకటన. బానిసత్వం ఉండకూడదు, నేరానికి శిక్షగా తప్ప. అందరి హక్కులూ రాసినచోటే నీకూ చోటిచ్చారు' అన్నాడు. నేను అబద్ధం అనుకున్నాను. మా బ్యారక్‌లో చదువుకున్నాయన ఒకడున్నాడు. నిజమే అన్నాడు."

తిరుగు బస్సులో ఒజెల్లా కిటికీలోంచి చెరుకు చూస్తూ కూర్చుంది. ఆమె అమ్మమ్మ తల్లిని ఆ పొలంలోనే కొన్నారని ఇంట్లో చెప్పుకునేవారు. బానిసత్వం ఎప్పుడో తీసేశారని బళ్ళో చదివింది. చదివింది ఆరో తరగతి దాకే. ఇలాంటి ఒక 'తప్ప' ఉందని ఆ బళ్ళో ఎవరూ చెప్పలేదు.

అదే ఏడు రాష్ట్రం తన పాత రాజ్యాంగాన్ని తిరగరాయాలని పూనుకుంది. రాజ్యాంగ సభ కూర్చుంది. హక్కుల ప్రకటనను సవరించే పని ఒక కమిటీకి అప్పగించారు. ఆ కమిటీ ఊరూరూ తిరిగి జనం మాట వింటుందన్నారు. రాజధాని నుంచి మిస్ ఆల్‌స్టన్ అనే లాయరమ్మాయి ఒక ఆదివారం పిస్గాకు వచ్చి, ఆరాధన అయ్యాక నిలబడి చెప్పింది.

"మనిషికి మూడు నిమిషాలిస్తారు. ముందే పేరు ఇవ్వాలి. ఉపన్యాసాలు వాళ్ళు రోజూ వింటున్నారు. మీకు జరిగింది చెప్పండి. ఆ 'శిక్షగా తప్ప' అన్నది పోతే, పొలంలో పని ఎగ్గొట్టారని శిక్ష పెంచినవాళ్ళ కేసులన్నీ నేను మళ్ళీ కోర్టుకు ఎక్కించగలను. పోవాలంటే ఆ కమిటీలో ఎవరో ఒకరికి గుండెలో గుచ్చుకోవాలి. ఎవరు మాట్లాడతారు?"

ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గర నుంచి తెల్లతొడుగు వేసుకున్న చెయ్యొకటి లేచింది. చోటు ఖాళీ ఉందని చెబుతోందనుకుని ఒకావిడ లేచి నిలబడింది కూడా.

ఒజెల్లాతో పాటు ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీలో పనిచేసే క్లియోరా ఆ సాయంత్రం అంతా నవ్వింది.

"నువ్వు? మాట్లాడతావా? బట్టల మిషను మాట్లాడుతుందంటే నమ్ముతాను గాని."

"నువ్వు నేర్పు."

"నేర్పడానికేముందే. నోరు తెరువు. దానికి పళ్ళున్నాయో లేవో ఇవాళైనా చూస్తాను."

క్లియోరా ఇంట్లో గుడ్డు ఉడకబెట్టేటప్పుడు తిప్పే చిన్న ఇసుకగడియారం ఉంది. సరిగ్గా మూడు నిమిషాలు. దాన్ని లాండ్రీకి పట్టుకొచ్చింది. మధ్యాహ్నం రొట్టె తినే వేళ, దుప్పట్ల గుట్టల మధ్య ఒజెల్లా నిలబడేది. క్లియోరా గడియారం తిరగేసేది.

"నా కొడుకు పేరు థీరన్ రేనీ" అని మొదలుపెట్టేది ఒజెల్లా. "వాడి పక్కన ఒకబ్బాయి పడిపోయి చచ్చిపోయాడు. నా కొడుకు వంగి లేపబోయాడు. వంగినందుకు రెండేళ్ళు పెంచారు..."

మొదటిరోజు గొంతు దుప్పట్లను దాటలేదు. "గట్టిగా" అంది క్లియోరా. నాలుగోరోజుకి ఆవిరి మిషను దగ్గర ఉన్నవాళ్ళు కూడా పని ఆపి విన్నారు. చివరి ముక్క, "మీరు రాసే పుస్తకంలో నా కొడుకును బానిసల చోట నుంచి తియ్యండి, నేను అడిగేది అంతే" అనేసరికి ఇసుక ఇంకా కొంచెం మిగిలేది. క్లియోరా ఆ మిగిలిన ఇసుకను చూసి, "ఇంత మిగుల్చుకున్నావు. ఏడవడానికి కూడా టైముంది నీకు" అంది. ఒజెల్లా నవ్వింది. ఆ వసంతంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారేనేమో.

వందనాల సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఊపిరి పీల్చడం ఎవరైనా సాధన చేస్తారా? అవి వాటంతటవే వచ్చేవి.

విచారణ పెట్టింది పెద్ద బడి హాల్లో. ఒకప్పుడు తెల్లపిల్లలు మాత్రమే చదివిన బడి. ఒజెల్లా తన తెల్ల గౌనే వేసుకుంది. అంతకంటె మంచి బట్ట ఆమెకు లేదు. తొడుగులు వేసుకోవాలా వద్దా అని గుమ్మంలో తటపటాయించి వేసుకుంది.

వేదిక మీద పొడుగాటి బల్ల వెనక ఏడుగురు. ముందు పేరు చెక్కిన పలకలు. మధ్యలో చైర్మన్ ఫెంటన్, తెల్లజుట్టు, నెమ్మదస్తుడు. ముందు వరసలో జిల్లా జడ్జిగారు, హెడ్మాస్టరుగారు. వాళ్ళ పక్కన, ఒజెల్లా ఊహించని చోట, తమ పాస్టరు రెవరెండ్ గేడ్సన్. ప్రారంభ ప్రార్థనకు ఆయన్ను పిలిచారట. ఆ హాల్లో ఒక నల్లపాస్టరు ప్రార్థన చెయ్యడం అదే మొదలు. ఆయన కొత్త టై కట్టుకున్నారు.

ముందు ఒక రైతు మాట్లాడాడు. తుపాకీ హక్కును ఎవడూ ముట్టుకోకూడదన్నాడు. మూడు నిమిషాలూ అయిపోయాయి. గడియారం చూసే గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. చైర్మన్ చెయ్యి ఊపి, "కానివ్వండి, మిస్టర్ హార్గ్రోవ్‌ని ముగించనిద్దాం" అన్నాడు. మిస్టర్ హార్గ్రోవ్ వాళ్ళ తాత తుపాకీ దగ్గర నుంచి మొదలుపెట్టి తీరిగ్గా ముగించాడు. తర్వాత ఒకావిడ, బళ్ళల్లో ప్రార్థన ఉండాలని. ఆవిణ్ణి 'అమ్మగారూ' అని పిలిచారు.

"తర్వాత... ఒజెల్లా" అన్నాడు చైర్మన్ కాగితం చూసి. "ఒజెల్లా వచ్చిందా? ఇలా రా, మైకు దగ్గరికి."

ఆమె నడిచి వెళ్ళింది. గుమాస్తా తన చేతిగడియారం నొక్కాడు. 'నా కొడుకు పేరు' అన్న మాట నాలుక మీదే ఉంది. కళ్ళెత్తింది. బల్ల వెనక ఏడుగురు పెద్దమనుషులు, కింద జడ్జిగారు, రెండు మూరల దూరంలో తన కాపరి, ఆమెకేసి చిరునవ్వుతో చూస్తూ.

"ముందుగా, నా జీవితానికి శిరస్సయిన దేవునికి మహిమ" అంది ఒజెల్లా.

వెనక నుంచి పిస్గా వాళ్ళు ఇద్దరు ముగ్గురు, "ఆమెన్" అన్నారు. ఆమె గొంతు బాగానే పలికింది. దుప్పట్ల మధ్య కంటే బాగా పలికింది.

"మా కాపరి రెవరెండ్ గేడ్సన్‌గారికి, ఇవాళ ఒంట్లో బాగాలేక రాలేకపోయిన అమ్మగారికి, వందనాలు. ఈ సభకు అధ్యక్షులు ఫెంటన్‌గారికి వందనాలు."

ఆయనొక్కడికే చెప్పి మిగతా ఆరుగురినీ ఎలా దాటుతుంది? పలకల మీద పేర్లు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. ఒక పేరు కష్టమైనది, తప్పు పలికింది. ఆయన నవ్వి సరిచేశాడు. ఆమె క్షమాపణ చెప్పుకుని మళ్ళీ పలికింది. కింద జడ్జిగారికి. తమకు చోటిచ్చిన హెడ్మాస్టరుగారికి. నాలుగో వరసలో కూర్చున్న పెద్ద తల్లులకు. క్లియోరా నాలుగో వరసలోనే ఉంది. ఒళ్ళో చేతుల్లో ఇసుకగడియారం ఉన్నట్టు వేళ్ళు బిగించింది. 'చెప్పు, చెప్పు' అని పెదాలతో అంటోంది. పెద్ద తల్లులను తలుచుకున్నందుకు మెచ్చుకుంటోందనుకుంది ఒజెల్లా.

ఆ వరసల మీదుగా ఆమె చూపు హాలు చివరికి పోయింది. అక్కడ తలుపు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని ఒక మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎవరూ అతనికేసి చూడటం లేదు. ఇరవై ఏళ్ళు తను నిలబడ్డ తీరు అది.

"తలుపు దగ్గర నిలబడి మనందర్నీ కనిపెట్టుకుని ఉన్న షెరీఫ్‌గారికి, నా వందనాలు" అంది.

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. షెరీఫ్ టోపీ అంచు తాకాడు.

"నేను ఈ పూట ఇక్కడ నిలబడగలిగానంటే అది నా గొప్ప కాదు. దేవుని కృప." ఊపిరి తీసుకుంది. "నా కొడుకు..."

పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు.

గుమాస్తా. ముట్టుకోలేదు, ఏమీ అనలేదు. ఊరికే నిలబడ్డాడు.

ఆ నిలబడటం ఏమిటో ఆ హాల్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె బుర్ర ఇంకా ఆలోచిస్తుండగానే కాళ్ళు వెనక్కి తిరిగాయి. తొడుగు వేసుకున్న కుడిచేతి వేలొకటి పైకెత్తి, మన్నించమన్నట్టు తల వంచి, తన కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"ఒజెల్లా," అన్నాడు చైర్మన్, నిజంగానే గొంతు మెత్తబడి, "ఇన్ని ఊళ్ళు తిరిగాం. ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు."

చప్పట్లు కొట్టారు. తెల్లావిడలు కూడా కొట్టారు. రెవరెండ్ గేడ్సన్ వెనక్కి తిరిగి ఆమెకేసి చూసి, గర్వంగా తల ఊపారు.

క్లియోరా వరస దాటుకుని గుమాస్తా దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఆవిడ ఇంకా మొదలుపెట్టలేదు."

"మూడు నిమిషాలు మాట్లాడిందమ్మా."

"మాట్లాడలేదు, దండాలు పెట్టింది. చెప్పాల్సింది అంతా లోపలే ఉంది. తుపాకీ ఆయనకి ఇచ్చినట్టే ఇంకొంచెం ఇవ్వండి."

"ఆయన మాట సగంలో ఉంది."

"ఈవిడది మొదట్లో ఉంది. సగంలో ఆపడం కంటే మొదట్లో ఆపడం అన్యాయం కాదా?"

"మీరు పేరు ఇచ్చారా?"

"లేదు."

"అయితే కూర్చోండి."

తిరిగి క్లియోరా కారులో వచ్చారు. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు క్లియోరా రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగింది.

"షెరీఫ్‌కి కూడానా?"

"తలుపు దగ్గర నిలబడ్డాడు కదే."

"నీ కొడుకును మెట్ల మీద నుంచి ఈడ్చుకుపోయినవాడు."

"తెలుసు."

"తెలిసి?"

"తలుపు దగ్గరవాళ్ళని ఎవరు తలుచుకుంటారు చెప్పు" అంది ఒజెల్లా. అని, చేతితొడుగులు విప్పి ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. రైలు పొడుగ్గా పోయింది, చెరుకు బళ్ళు.

మర్నాడు లాండ్రీలో మధ్యాహ్నం ఒజెల్లా ఒక్కతే దుప్పట్ల వెనక్కి వెళ్ళి ఇసుకగడియారం తిరగేసింది. నోరు మెదపకుండా మనసులోనే వందనాలన్నీ వరసగా చెప్పుకుంది. షెరీఫ్ దగ్గరికి వచ్చేసరికి పై గాజులో ఇసుక లేదు. మళ్ళీ తిరగేసింది. ఈసారి జడ్జిగారిని తీసేసింది. మరోసారి, ఏడుగురిలో ఆరుగురిని తీసేసింది. ఎవరెవర్ని దాటితే థీరన్‌కు చోటు దొరికేదో అట్లా లెక్క తేల్చుకుంటూ ఉండగా మిషను పిలుపు మోగింది.

మిస్ ఆల్‌స్టన్‌కు ఫోను చేసింది. హాల్లో విచారణ జరిగిన రోజు ఆ అమ్మాయి వేరే ఊళ్ళో కోర్టు పని మీద ఉంది. ఒజెల్లా చెప్పిందంతా విన్నది. తర్వాత, "పర్వాలేదు ఒజెల్లాగారూ. మీరు వెళ్ళారు, అదే గొప్ప" అంది. తిట్టినా బాగుండేది. మళ్ళీ మాట్లాడొచ్చా అంటే, విచారణలు అయిపోయాయంది.

ఆదివారం రెవరెండ్ గేడ్సన్ ప్రసంగం ఆపి తలుపు వైపు చెయ్యి చాపారు. "మన సిస్టర్ ఒజెల్లా ఆ పెద్దల ముందు పిస్గా మర్యాద నిలబెట్టింది" అన్నారు. ఇరవై ఏళ్ళలో తలుపు వైపు సంఘమంతా తిరిగి చూడటం అదే మొదటిసారి. ఆమెన్‌లు మారుమోగాయి. ఒజెల్లా ఎడమచెయ్యి వీపు వెనక పిడికిలి బిగిసింది. ముందు నుంచి చూసినవాళ్ళకు అది కనబడలేదు.

ఆకురాలే కాలంలో లాండ్రీ రేడియోలో ఫెంటన్ మాట్లాడాడు. హక్కుల ప్రకటన సిద్ధమైందన్నాడు. భాష సాఫీ చేశామన్నాడు. జాతిని బట్టి ఎవర్నీ వేరుచేసి చూడకూడదన్న కొత్తమాట చేర్చామన్నాడు. బానిసత్వం నిషేధం అలాగే ఉంది, పాత మినహాయింపుతో సహా, దాని మీద జనం నుంచి అభ్యంతరమేదీ రాలేదు అన్నాడు. తర్వాత గొంతు మార్చి చెప్పాడు.

"ఒక చిన్న ఊళ్ళో ఒక నల్లజాతి స్త్రీ మా ముందు నిలబడింది. తెల్ల తొడుగులు. ఒక్క ఫిర్యాదు లేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి కూర్చుంది. మన రాష్ట్రం ఎంత దూరం వచ్చిందో నాకు ఆవిణ్ణి చూస్తే తెలిసింది."

ఆవిరి మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళందరూ ఒజెల్లాకేసి చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. క్లియోరా వెళ్ళి రేడియో కట్టేసింది.

"నీ పేరు చెప్పలేదు, అదొక మేలు" అంది.

ఒజెల్లా చేతిలో దుప్పటి మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

కొత్త రాజ్యాంగం మీద ఓట్లరోజు పిస్గా వాళ్ళను చర్చి బస్సులో తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళో నల్లవాళ్ళు ఓటు వెయ్యడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. ముసలివాళ్ళు టోపీలు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళారు. "జాతిని బట్టి వేరుచెయ్యకూడదన్న మాట మన తాతలు కలలో కూడా చూడలేదు. కొత్తదానికి ఔననండి" అన్నారు రెవరెండ్ గేడ్సన్. ఆ మాటలో అబద్ధం లేదు. ఒజెల్లా తెర వెనక్కి వెళ్ళి వద్దని వేసింది. ఆ మంచి మాటకు కూడా వద్దని వేసినట్టే అయింది. వేరువేరుగా వెయ్యడానికి లేదు. బయటికొస్తే క్లియోరా అడిగింది, "ఏం వేశావు?" అని.

"అది నాకూ దేవుడికీ మధ్య."

"ఆయన దేనికి వేశాడో కనుక్కో ఒకసారి" అంది క్లియోరా.

కొత్త రాజ్యాంగం నెగ్గింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఒజెల్లా బస్సెక్కింది. అన్ని నెలలూ వెళుతూనే ఉంది గాని, థీరన్ "చెప్పావా?" అంటే "చెప్పాను" అని మాట దాటేసింది. కోత రోజులు. వైరు అవతల కూర్చున్న కొడుకు చేతుల నిండా చెరుకు ఆకులు కోసిన సన్నటి గాట్లు.

"కెప్టెన్ గుర్రం ఆపి మరీ చెప్పాడమ్మా" అన్నాడు వాడు. "'కొత్త పుస్తకం వచ్చింది రేనీ. బెంగపడకు, నీ చోటు నీకు ఉంచారు' అని." చేతి మీది గాట్లు తడుముకున్నాడు. "నువ్వు చెప్పినా ఉంచారంటే, వాళ్ళు విని కూడా ఉంచారన్నమాట. అదే అనుకుంటున్నాను పడుకున్నప్పుడు. విని కూడా."

ఒజెల్లా అప్పుడు చెప్పేసింది. మైకు, పేరు పలకలు, పాస్టరుగారి టై, గుమాస్తా. ఏదీ దాచలేదు.

థీరన్ నోరు తెరిచి విన్నాడు. "షెరీఫ్‌కి కూడానా?" అన్నాడు, అచ్చం క్లియోరా అన్నట్టే. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్నవాళ్ళు చూసేంతగా నవ్వాడు. నవ్వి నవ్వి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నేనూ అంతేనమ్మా. ఆయన రేనీ అని పిలవగానే, ఏం పిలిచాడో తెలియకముందే చిత్తం దొరా అనేస్తాను. తర్వాత నా నోరు నేనే కొరుక్కుంటాను."

ఆమె వైరుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"సరే. ఏం చెప్పాలనుకున్నావో అది నాకు చెప్పు."

"నీకెందుకురా? నీకు తెలిసిందే కదా."

"ఎవరో ఒకరు వినాలి కదా. చెప్పు."

ఒజెల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి ముందు ఎవరినీ తలుచుకోలేదు. "నా కొడుకు పేరు థీరన్ రేనీ" అంది. "వాడి పక్కన ఒకబ్బాయి పడిపోయాడు. పడ్డచోటే చచ్చిపోయాడు..."

"కాదమ్మా" అన్నాడు థీరన్.

"ఏది కాదు?"

వాడు వైరుకేసి చూస్తూ చెప్పాడు. "పడ్డచోటే పోలేదు. నీకు అట్లా చెప్పాను, బస్సులో ఒక్కదానివి పోతావు కదా అని. పొద్దున్న పడ్డాడు. నన్ను సాయంత్రందాకా మళ్ళీ వరసలోకి తోసి, వాణ్ణి గట్టు మీద పడుకోబెట్టారు. చెరుకు బండి నిండితేగాని బ్యారక్‌ల దగ్గరికి వెళ్ళదన్నారు. బండి మధ్యాహ్నానికి నిండింది. అందాకా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు వినబడుతూనే ఉంది."

ఆ హాల్లో ఇసుకంతా మిగిలి ఉన్నా, ఏడుగురూ చెవులొగ్గి విన్నా, ఆమె చెప్పి ఉండేది ఇది కాదు. ఇది ఆమెకు తెలియనే తెలియదు.

"ఏమన్నాడు?" అంది.

"ఎవరు?"

"ఆ అబ్బాయి. గట్టు మీద. ఏం మాట్లాడాడు?"

థీరన్ సమాధానం చెప్పబోతుండగా గది చివర గంట కొట్టారు. కుర్చీలు జరిగాయి. తల్లులు, పెళ్ళాలు లేచి వైరుకు అరచేతులు ఆనించి వెళ్ళిపోతున్నారు. ఒజెల్లా లేవలేదు. బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చింది. కాపలావాడు ఆమె పక్కన నిలబడ్డాడు. ముట్టుకోలేదు, ఏమీ అనలేదు.

ఆమె తల ఎత్తలేదు.

"చెప్పు నాన్నా" అంది. "పొద్దున్న నుంచి చెప్పు."